భుజాలు తడుముకునే సీజన్

అక్టోబర్ వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకి ఉన్నట్టుండి లోకజ్ఞానం పెరుగుతుంది. "పిల్లలు ఇక్కడ పుట్టారండీ, ఇక్కడివాళ్లతో కలవాలి కదా! అందుకే హాలోవీన్ చేస్తున్నాం" అంటారు. తమకేం సరదా లేదట, అంతా పిల్లల కోసమేనట. పిల్లల కోసమే పెద్దిల్లు కొన్నారు, పిల్లల కోసమే ఇండియా తిరిగెళ్లడం మానుకున్నారు, ఇప్పుడు పిల్లల కోసమే దయ్యాలవుతున్నారు. కాదనడానికి మనమెవరం? ఎవరితో ఎలా కలుస్తున్నారో మాత్రం చూద్దాం.

మొదటి ఘట్టం గుమ్మడికాయల తోట. తండ్రికి గళ్ల ఫ్లానెల్ చొక్కా, తల్లికి మోకాళ్ల దాకా బూట్లు, మూడేళ్ల పిల్లకి ఉన్ని టోపీ. టెక్సస్ ఎండ మాడు పగలగొడుతోంది గానీ ఫొటోలో ఆకురాలు కాలం కనపడాలి, తప్పదు. గడ్డిమోపు మీద కూర్చోబెడితే పిల్లకి తొడల దగ్గర గుచ్చుకుంటోంది. దాని చూపంతా కంచె అవతల ఉన్న మేక మీద. "కన్నా, ఇటు చూడు! మేక తర్వాత! ఒక్క స్మైల్ ఇవ్వు!" చివరికి నవ్వు దొరికింది, మేక దగ్గరికెళ్లే టైము దొరకలేదు. పిల్ల ఏడుస్తూ కారెక్కింది. ఫొటో కింద మాత్రం 'మేకింగ్ మెమొరీస్' అని పడింది. ఎవరి మెమొరీసో రాయలేదు.

తెచ్చిన కాయకి కళ్లూ పళ్లూ చెక్కి గుమ్మం ముందు పెట్టారు. ఆ ఎండకి అది నాలుగు రోజుల్లో మెత్తబడి, నిజంగానే దయ్యంలా తయారైంది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ రెండు రకాలుగా బాధపడింది. దప్పళంలో వేయాల్సిన కాయని పాడుచేశారు. పోనీ, బూడిద గుమ్మడికాయ తెచ్చినా గుమ్మానికి కట్టేది, దిష్టన్నా పోయేది.

నిజానికి ఈ పండగ మీద మనకున్నంత హక్కు ఎవరికీ లేదు. ఇదీ వలస వచ్చిన పండగే. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్నారు. అక్కడ టర్నిప్ దుంపలకి మొహాలు చెక్కేవాళ్లు, ఇక్కడ గుమ్మడికాయ కనపడింది, పని సులువైంది. ఇప్పుడు దీనికి పురోహితుడు అక్కర్లేదు, ముహూర్తం అక్కర్లేదు. అక్టోబర్ 31 సాయంత్రం ఎవరింటి ముందు లైటు వెలుగుతుంటే ఆ తలుపు కొట్టొచ్చు. ముక్కూ మొహం తెలియని మనిషి తలుపు తీసి మీ పిల్లాడి చేతిలో చాక్లెట్ పెడతాడు. మిగతా రోజుల్లో ఈ సబ్‌డివిజన్లలో గరాజ్ తలుపు లేస్తుంది, కారు లోపలికెళ్తుంది, తలుపు పడుతుంది. పక్కింటాయన బతికున్నాడన్న సంగతి గడ్డి కోసిన చప్పుడును బట్టి తెలుసుకోవాలి. వీధి వీధంతా తలుపులు తీసే సాయంత్రం ఇదొక్కటే.

మనవాళ్లు సరిగ్గా ఆ ఒక్కటీ తీసేసి, మిగతాదంతా ఉంచుకున్నారు.

31 ఎక్కువగా వారం మధ్యలో వస్తుంది కాబట్టి ముందు శనివారమే స్కూలు కెఫెటేరియా అద్దెకు తీసుకుంటారు. తెలుగు సంఘంవారి హాలోవీన్ ధమాకా! రిజిస్ట్రేషన్, బ్యానర్, ఎమ్‌సీ, ఫ్యాషన్ షో. కృష్ణాష్టమి నాటి నెమలి పింఛం మళ్లీ బయటికొస్తుంది. స్పైడర్‌మ్యాన్ ముసుగు నుదుటి మీదికి జరుపుకుని సమోసా తింటుంటాడు. మొదటి బహుమతి గడ్డం కింద చెయ్యి రాసిన నాలుగేళ్ల పుష్పకి. ఆ తర్వాత స్పాన్సర్ గారి ప్రసంగం. ఆయన ఇళ్లు అమ్మిపెడతారు గనక ప్రతి చాక్లెట్ సంచిలోనూ ఆయన విజిటింగ్ కార్డు ఉంటుంది. పిల్లలు మొత్తం మీద ఒక్క తలుపు కొడతారు, అది బాత్‌రూమ్‌ది. బిర్యానీ తొమ్మిదింటికి.

అదేమంటే కారణాలు బోలెడు. కొత్తవాళ్ల ఇళ్లు, భయం. గమ్మీల్లో జెలటిన్ ఉంటుంది, మేం శాకాహారులం. ఇది మాత్రం నిజమే గానీ, ఇంటికొచ్చాక అట్ట మీద చదివి తీసేస్తే పోయేదానికి వీధినే వెలివేయాలా? పిల్లాడికి పల్లీలు పడవంటారు. అలాంటి పిల్లల కోసమే కొందరు గుమ్మం ముందు నీలాకుపచ్చ రంగేసిన గుమ్మడికాయ పెడతారు, అక్కడ తినేవి కాకుండా చిన్న చిన్న బొమ్మలిస్తారు. అది చూడాలన్నా ముందు వీధిలోకి నడవాలి.

ఇక మన సంస్కృతి కాదని ఫార్వర్డులు పంపే బాబాయిలు. వీళ్ల తాతలే దసరాకి అయ్యవారి వెనకాల గిలకల బాణాలు పట్టుకుని, పద్యాలు పాడుతూ ఊరంతా తిరిగారు. అయ్యవారికి కట్నం, పిల్లలకి పప్పు బెల్లాలు. అప్పుడు వేషం లేదేమో గానీ వసూలు మాత్రం ఇదే.

2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి. డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో ఒక ఇంటి గుమ్మానికి రెండు పక్కలా ప్రమిదలు, పైన లైట్ల తోరణం. లైటుంటే రమ్మన్నట్టే గదా! డైనోసార్ వేషంలో ఉన్న బుడ్డోడు తోక ఈడ్చుకుంటూ వచ్చి బెల్లు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. డోర్‌బెల్ కెమెరాలోంచి ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా "వియ్ ఆర్ నాట్ హోమ్, స్వీటీ! హ్యాపీ దివాలీ!" అంది. వెనక మైకులో ఎవరో రాఫెల్ నంబర్లు చదువుతున్నారు. డైనోసార్ పక్కింటికి పోయింది.

ఇది చదువుతూ ఎవరైనా భుజాలు తడుముకుంటే నా పూచీ లేదు, గుమ్మడికాయల సీజన్ అలాంటిది. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. 2026లో అక్టోబర్ 31 శనివారం వస్తోంది. మర్నాడు బడి లేదు, ఆఫీసు లేదు, వారం మధ్యలో అనే సాకూ లేదు. కెఫెటేరియాకి ఈపాటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు.