ముందు వస్తువు చూపించు నాయనా

మా రోజుల్లో కొత్త వస్తువులు కనిపెట్టేవాళ్ళ క్లబ్బుకొచ్చేవాడు గోనెసంచి మోసుకొచ్చేవాడు. విప్పితే గ్రీజు కారుతూ, సగం వెల్డింగు ఊడిపోయి, ఏదో ఒక ఇనప సామాను ఉండేది. ఇప్పుడొచ్చేవాడు ల్యాప్‌టాప్ తెస్తున్నాడు. వస్తువేదిరా అంటే తెర మీద చూపిస్తాడు. గిర్రున తిప్పుతాడు, రంగులు మారుస్తాడు, లోపలున్న పళ్ళచక్రాన్ని విడదీసి మళ్ళీ బిగిస్తాడు. చేత్తో పట్టుకుందామంటే మాత్రం ఏమీ ఉండదు. కంపెనీకి పేరు పెట్టేశాడట, లోగో గీయించాడట, విజిటింగు కార్డు మీద తను సీఈఓ అట. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

మాది పెద్ద క్లబ్బేం కాదు. బెజవాడ ఆటోనగర్ దగ్గర బేరింగుల కొట్టు మీద ఒక గది. 1966లో మొదలైన ఆటోనగర్ మేం గది తీసుకునే నాటికే లారీలకు బాడీలు కట్టడంలో పేరు మోసింది. అక్కడ దొరకని పనిముట్టు లేదు, చెయ్యలేని మేస్త్రీ లేడు. లేత్ మీద పనిచేసే టర్నర్లు, కరెంటాఫీసులో రిటైరైన లైన్‌మేను, హైస్కూలు సైన్సు మాస్టారు, పొలం పనులు ముగించుకుని కంకిపాడు నుంచీ ఉయ్యూరు నుంచీ బస్సెక్కి వచ్చే రైతులు, టైపు కొట్టడానికి ఒక ప్లీడరు గుమాస్తా, వీళ్ళు మా సభ్యులు. నెలకో చందా. ఆదివారం పొద్దున్నే గది తెరిస్తే మధ్యాహ్నం భోజనాలకి ఎవరింట్లోనో కేకలేస్తే గానీ కదిలేవాళ్ళం కాదు. తెచ్చినవాణ్ణి మొట్టమొదట అడిగేది ఒకటే: ఇది ఎవరి పని తేలిక చేస్తుంది? ఆ మనిషిని పిలుచుకు రా.

ఒకసారి ఒకాయన మిరపకాయకి తొడిమ తీసే మిషను తెచ్చాడు. గుంటూరు చుట్టుపక్కల ఎండు మిరపకి తొడిమలు తీయడం ఆడవాళ్ళ కూలి పని. గోతాల పక్కన బారులు తీరి కూచుని, ఘాటుకి ముక్కుకి కొంగు కట్టుకుని, రోజంతా అదే చేస్తారు. ఈయన మిషన్లో రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతున్నాయి. కాయ పైనుంచి జారుతుంది, తొడిమ రోలర్ల మధ్య ఇరుక్కుని ఊడొస్తుంది. సైన్సు మాస్టారు భేష్ అన్నాడు. మిగతావాళ్ళం ఎవరమూ భేష్ అనలేదు. ఆ పని చేసే ఒకావిణ్ణి రప్పించి కుర్చీ వేసి కూచోబెట్టాం. ఆవిడ మిషను కేసి చూడనైనా లేదు. కింద రేకు మీద రాలిన గింజల్ని గుప్పెట్లోకి తీసుకుని, "ఇవెవరి లెక్కలో రాస్తారయ్యా?" అంది. కాయ పగిలి గింజ రాలితే తూకం పోతుంది, రేటూ పోతుంది. పెళపెళలాడే కాయకి కాస్త చెమ్మ తగిలిస్తే గానీ వాళ్ళు తొడిమ మీద చెయ్యి వెయ్యరు. ఈ సంగతి ఏ ఇంజనీరింగు పుస్తకంలోనూ ఉండదు. ఆయన మిషను పట్టుకెళ్ళి రోలర్ల సందు మార్చాడు, రబ్బరు మార్చాడు, మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ మార్చాడు. ఆవిడ పోతూ పోతూ ఇంకో మాట కూడా అడిగింది, ఇది వస్తే మా కూలి ఎక్కడికి పోద్దని. దానికి మాలో ఎవరూ జవాబు చెప్పలేకపోయాం. మినిట్స్ బుక్కులో మాత్రం రాసుకున్నాం. ఈనాటి పోటీల్లో న్యాయనిర్ణేతలుగా కూచునేవాళ్ళలో ఒక్క కూలి మనిషినైనా చూశారా మీరు?

ఇప్పుడు నాకు ఒళ్ళుమండే సంగతి చెబుతాను, చెవిన పెట్టు. మా గదిలో గోడకి పెద్దక్షరాలతో రాసి పెట్టాం: దరఖాస్తు పడేదాకా నోరు మెదపొద్దు. కొత్తది కనిపెడితే, అది పేటెంటు ఆఫీసులో పడకముందే లోకానికి తెలిసిపోతే, ఇక దాన్ని కొత్తదనరు. చెప్పేసింది నువ్వే అయినా సరే, నీ నోటి మాటే నీకు అడ్డం పడుతుంది. సర్కారు గుర్తించిన ప్రదర్శనల్లో పెట్టినవాటికి ఏదో 12 నెలల వెసులుబాటు ఉందిగానీ, నీ ఫోన్లో పెట్టే వీడియోకి అది వర్తించదు. అందుకే మేం బొమ్మలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం. సభ్యులమంతా బయట ఎవరికీ చెప్పమని సంతకాలు పెట్టేవాళ్ళం. టర్నరు ఇంటికెళ్ళి పెళ్ళానికి కూడా చెప్పేవాడు కాదు. ఇప్పటి పిల్లలు బోల్టు బిగించీ బిగించకముందే వీడియో తీసి పెట్టేస్తున్నారు. లక్షమంది చూశారని మురిసిపోయి, ఆ తర్వాత తీరిగ్గా వచ్చి "తాతయ్యా, పేటెంటు తీసుకోవాలి" అంటారు. ఇంకెక్కడి పేటెంటురా? ఆ వీడియో ఇప్పుడు తీసేసినా తేదీ చెరిగిపోతుందా?

మేమైతే ముందు తాత్కాలిక స్పెసిఫికేషను వేసేవాళ్ళం. ఆ తేదీ చేతిలో పడితే పూర్తిది వేయడానికి 12 నెలలు గడువు. ఆ ఏడాదిలో వస్తువుని ఎండకీ వానకీ తిప్పి, విరగ్గొట్టి, బాగుచేసి, అప్పుడు రాసేవాళ్ళం. అందుకోసం మెయిలెక్కి మద్రాసు పోవాలి. మన వాళ్ళ దరఖాస్తులకి ఇప్పటికీ అక్కడి పేటెంటు ఆఫీసే గతి, ఇప్పుడది గిండీలో ఉంది. ఇంట్లో కూచుని కంప్యూటర్లో వెయ్యొచ్చని నా మనవరాలు చూపించింది. కాయితం మీద వేస్తే ఫీజు పదో వంతు ఎక్కువట కూడాను. సరే, అది సుఖమే, కాదనను. పేటెంటు కూడా మా కాలంలో 14 ఏళ్ళే, ఇప్పుడు 20. అదీ మంచిదే. కానీ అప్పట్లో దరఖాస్తు పెడితే చాలు, పరీక్షించే పని వాళ్ళదే. ఇప్పుడు పరీక్షించండి మహాప్రభో అని మళ్ళీ వేరే ఫారం, వేరే ఫీజు. గడువులోగా అడక్కపోతే నువ్వే వదులుకున్నట్టు లెక్క. మూడో ఏడు నుంచి ఏటేటా కట్టాల్సిన రెన్యూవలు సరేసరి. ఆ తేదీలన్నీ మేం ఒక రిజిస్టర్లో రాసుకుని, ఎవరిది దగ్గరపడితే వాళ్ళింటికి మనిషిని పంపేవాళ్ళం. మీ వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏం కనపడతాయి?

నీళ్ళతో నడిచే మోటారు తెచ్చేవాళ్ళు అప్పుడూ ఉండేవారు. 1996లో తమిళనాట మూలికా పెట్రోలని దేశమంతా గగ్గోలెత్తింది చూశారూ, ఆ ఏడాది మా గది మెట్లన్నీ అలాంటివాళ్ళే. ప్రకృతి ధర్మాలకి విరుద్ధమైనది ఆవిష్కరణే కాదని చట్టంలో మూడో సెక్షన్లోనే ఉంది. మేం చట్టం దాకా పోయేవాళ్ళం కాదు. "మిషను ఇక్కడ వదిలి వెళ్ళు, గదికి తాళం వేస్తాం, తెల్లారి వచ్చి చూద్దాం, తిరుగుతూ ఉంటే నీ కాళ్ళు మొక్కుతాం" అనేవాళ్ళం. వదిలి వెళ్ళినవాడు లేడు. గ్యారంటీగా పేటెంటు ఇప్పిస్తామని డబ్బులు గుంజేవాళ్ళ చేతిలో మా టర్నరు ఒకడు పెళ్ళాం గాజులు పోగొట్టుకున్నాడు. అప్పట్నించీ ఏ కాయితమైనా గదిలో అందరి ముందూ చదివాకే సంతకం.

మరి తొందరెందుకురా మీకు? చింతకింది మల్లేశం గారి సంగతి తెలుసుగా, ఆలేరు దగ్గర చేనేత కుటుంబం ఆయనది. నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలంటే ఒక్క చీరకి చెయ్యి 9 వేల సార్లు ఆడాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టాడు. డబ్బుల్లేక హైదరాబాదులో కూలి చేసుకుంటూ ఒక్కో భాగమే చేసుకొచ్చాడు. చివరి భాగం దగ్గర ఆగిపోతే, బాలానగర్‌లో ఏదో పని మీద వెళ్ళిన చోట ఒక మిషన్లో సన్నటి కడ్డీ పైకీ కిందకీ ఆడుతూ కనపడింది. అంతే, 1999కి యంత్రం పూర్తయింది. దానికి వాళ్ళమ్మ లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, తర్వాత సినిమా వచ్చింది, మీరంతా సినిమా చూశారు. నడుమ ఉన్న ఆ ఏడేళ్ళు ఎవరికి కావాలి? మీ హ్యాకథాన్‌లో రెండు రోజుల్లో అయిపోవాలి! లేత్ మీద నెల పట్టే ముక్కని మీ త్రీడీ ప్రింటరు రాత్రికి రాత్రి పోసిస్తుంది, నేనూ చూశాను, ముచ్చటగానే ఉంది. మిగిలిన నెలంతా ఆ ముక్క మీద బరువు పెట్టి చూడొచ్చుగా? చూడరు. ఫొటో దిగి, చెక్కు అట్ట పట్టుకుని, ఇంకో పోటీకి పోతారు.

ఊరూరూ కాలినడకన తిరిగి, చెట్టు కిందా చావడి దగ్గరా ఇలాంటివాళ్ళని వెతికే పల్లెసృజన వాళ్ళంటే నాకు గౌరవం. చేసేవాడి గుమ్మంలోకి మనం పోవాలి. అద్దాల మేడలోకి వాణ్ణి రమ్మంటే సెక్యూరిటీ దగ్గరే సగం ధైర్యం చచ్చిపోతుంది వాడికి.

మా గది ఇంకా ఉంది. అద్దె పెరిగింది, చందా ఇచ్చేవాళ్ళు తగ్గారు. కార్యదర్శి పని ఎవరైనా తీసుకోండిరా, నా కళ్ళు సరిగా ఆనడం లేదు, రెన్యూవలు తేదీలు తప్పిపోతే పాపం ఎవడి పేటెంటో గాలికి పోతుంది అని నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను. మొన్న ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. కార్యదర్శి అనకుండా కో-ఫౌండర్ అని రాసుకోవచ్చా అని అడిగాడు. ఏమన్నా రాసుకో నాయనా, రిజిస్టరు మాత్రం ఇంటికి తీసుకెళ్ళి ఈ నెల తేదీలు చూడు, వచ్చే బుధవారం ఉయ్యూరు ఆయనది ఒకటుంది అన్నాను.