ఉక్కపోత మాకు కొత్తా?

ఏసీ ఆగిపోయిందని తెల్లవార్లూ ఫోన్ ముందేసుకుని కూర్చున్నావట. పొద్దున్నే ఎర్రటి కళ్లతో వచ్చి, “ఈ మరిపెడల మనిషన్నోడు ఉంటడా తాతా?” అని నన్నడుగుతావు. ఉన్నాం పోరగా, ఉన్నాం. ఏసీ మాట దేవుడెరుగు, పంకా కూడా లేని రోజుల్లో ఈ వరంగల్–ఖమ్మం రోడ్డు పక్కనే పుట్టి పెరిగాం. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు అప్పుడూ కాశాయి. అయినా పక్క మీద వాలడమే ఆలస్యం, గుర్రు పెట్టేవాళ్లం.

ముందు నీ ఇంటి సంగతి చూడు. నడినెత్తిన స్లాబు. పొద్దంతా ఎండను తాగి, పొద్దుగూకినాక తాగిందంతా నీ మీద కక్కుతుంది. జానెడు జాగా వదలకుండా హద్దు దాకా గోడ లేపారు, కిటికీ తెరిస్తే పక్కింటి గోడే కనపడుతుంది. మా గూన ఇంటికి మూరెడు మందం మట్టి గోడలుండేవి, పెంకల సందుల్లోంచి వేడి పైకి పోయేది. అయినా ఎండకాలం రాత్రి ఆ ఇంట్లో కూడా ఎవరూ పడుకునేవాళ్లు కాదు. పిచ్చివాళ్లమా, అంత పెద్ద ఆకాశం బయట పెట్టుకుని లోపల ఉడకడానికి?

పొద్దు గుంకుతుండగా అవ్వ బాయి నీళ్లు తెచ్చి వాకిలంతా చల్లేది. మట్టి గుప్పున ఆవిరి విడిచేది. అది సల్లారినాక మంచాలు బయటికొచ్చేవి. నులక మంచం అంటే నీకు హోటల్ ముందర అలంకారానికి పెట్టేది మాత్రమే తెలుసు. దాని కిటుకంతా అల్లికలో ఉంది. వీపు కింద నుంచి గాలి తగులుతుంది, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. నీ స్పాంజి పరుపుకు గాలి చొరదు, ఒంటి వేడి ఒంటికే తిరిగొస్తుంది. తలాపున ముంతలో నీళ్లు, పక్కన తాటాకు విసనకర్ర. ఉత్తరాన ఏడు చుక్కలు చూపించి, నాలుగు ముసలవ్వ మంచంకోళ్లు, వెనక మూడు ఆ మంచం ఎత్తుకుపోను వచ్చిన దొంగలు అని అవ్వ కథ మొదలుపెట్టేది. ఆ దొంగలు దొరికారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, ఏనాడూ చివరిదాకా మెలకువగా ఉన్నది లేదు.

మిర్చి కళ్లాల దగ్గర నిద్ర ఇంకో తీరు. కళ్లం నిండా ఎర్రటి కాయ పరిచి ఉంటే, గాలివాటం చూసుకుని ఆ పక్కనే గొంగడి పరుచుకునేవాళ్లం. ముందు ఘాటుకు ముక్కు కారేది, తుమ్ములు ఆగేవి కావు. కాసేపటికి అదీ అలవాటయ్యేది. వరంగల్ మార్కెట్లో ధర ఎంత పలుకుతుందోనని పెద్దవాళ్లు గొణుక్కుంటుంటే వినుకుంటూ పడుకునేవాళ్లం. తెల్లవారుజామున ఒళ్లు జివ్వుమంటే అదే గొంగడి మీదికి లాక్కోవడం. ఎండకాలంలో చలి పుట్టిందంటే నువ్వు నమ్మవు. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నీ స్లాబు కింద పడుకుంటే నీకెట్లా తెలుస్తుంది?

ఎండ వేరు, ఉక్క వేరు. ఇది మా అవ్వకు ఏ బడికీ పోకుండానే తెలుసు. చెమట ఆరితేనే ఒళ్లు సల్లబడుతుంది, గాలిలో తేమ నిండితే అది ఆరదు. అందుకే రోహిణిలో రోజూ సాయంత్రం నీళ్లు చల్లేది, మృగశిరలో నాలుగు చినుకులు పడ్డాక చల్లడం మానేసేది. అప్పుడిక గాలి ఆడే జాగా వెతుక్కోవడమే. మీ కూలర్లూ అంతే కదా! మేలో సల్లగా ఊదే డబ్బా జూన్ చివరికొచ్చేసరికి జిగట గాలి ఊదుతుంది. కిటికీలన్నీ మూసి దాన్ని తిప్పుతూ, పని చేయట్లేదని మెకానిక్కును పిలుస్తారు.

ఏసీ ఎందుకు పుట్టిందో తెలుసా? 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకు కాగితం ఉబ్బి రంగులు కుదరడం లేదంటే, విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు గాలిలోంచి తేమ లాగే యంత్రం తయారుచేశాడు. కాగితం కోసం పెట్టిన యంత్రం నీ పడకగదికి వచ్చింది. కొత్త ఏసీ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేట్టు 2020 నుంచి కేంద్రం నియమం కూడా పెట్టింది. నువ్వు రిమోట్ అందుకోగానే 18కి దించి రగ్గు కప్పుకుంటావు. వెనకున్న డబ్బా ఆ వేడినంతా పక్కింటి ముసలామె కిటికీలోకి ఊదుతుంది. ఆమె కిటికీ మూస్తుంది, మరుసటి నెల ఆమె కొడుకూ ఏసీ తెస్తాడు. ఇట్లా గల్లీ గల్లీ తలుపులు బిగించుకుంది.

అన్నీ చెడిపోయాయని అనను. దోమలు, తేళ్లు మమ్మల్నేమీ వదిలిపెట్టలేదు. మోటార్లకు రాత్రి కరెంటు ఇచ్చినన్నాళ్లు చీకట్లో పాముల మధ్య స్టార్టర్ దగ్గరికి పోయేవాళ్లం. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక ఆ తిప్పలు తప్పాయి. 2015 మే వడగాలులకు మన రెండు రాష్ట్రాల్లో వందలమంది రాలిపోయారు. ముసలివాళ్లున్న ఇంట్లో, పసిపిల్ల ఉన్న ఇంట్లో ఏసీ వద్దని నేను చెప్పను. నీకేమైంది? ఇరవై ఏళ్లు, రాయిలాంటి ఒళ్లు!

అటక మీద మీ ముత్తాత మంచం ఉంది. కోళ్లు, పట్టెలు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి, నులకే చివికిపోయింది. మరిపెడ బంగ్లా అంతా అడిగినా అల్లేవాడు దొరకలేదు, ప్లాస్టిక్ నవారైతే వేస్తామన్నారు. అది నాకొద్దు. మానుకోట అంగట్లో వెతికి మంచి నులక పట్టుకురా, అల్లడం నేను చూపిస్తా. కాళ్ల వైపు తాడు బిగించను మాత్రం నా చేతుల్లో బలం లేదు, అది నువ్వే లాగాలి.