ఏడు మండలాల సూపర్‌స్పేస్

1974లో అబ్దుస్ సలాం, జాన్ స్ట్రాత్‌డీ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు సూపర్‌స్పేస్ అనే కొత్త జాగాను ప్రపంచానికి పరిచయం చేశారని పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాలను వెంటనే సవరించాలి. మనుషులు మసిలే జాగాకు ఎవరికీ కనపడని జాగాను అతికించి, రెండూ కలిపి ఒకటే లోకమని నమ్మించే విద్యలో ఆ ఇద్దరూ భద్రాచలం సరిహద్దు గీసినవాళ్ల ముందు ఓనమాలు దిద్దుకోవాలి. సలాం ఇటలీలో కూర్చుని కాగితం మీద చేసిన పనిని మనవాళ్లు ఢిల్లీలో కూర్చుని ఖమ్మం జిల్లా ఏడు మండలాల నేల మీద చేసి చూపించారు. పోలవరం జలాశయం ముంపు కిందికి వస్తాయని వాటిని ఆంధ్రప్రదేశ్‌కు కలిపేశారు. అదీ ఒక్క ఆర్డినెన్సుతో. తేదీ 2014 మే 29. తెలంగాణ పుట్టడానికి ఇంకా నాలుగు రోజులుంది. బిడ్డ పుట్టకముందే పంపకం అయిపోయింది.

సంగతి తెలియనివారికి కొంచెం వివరం. మనం బతికేది నాలుగు కొలతల్లో. పొడవు, వెడల్పు, ఎత్తు, కాలం. సూపర్‌స్పేస్‌లో వీటికి తోడు థీటాలని మరో నాలుగు కొలతలుంటాయి. వాటి నడత వేరు. రెండు థీటాల వరస మార్చి గుణిస్తే ప్లస్ కాస్తా మైనస్ అవుతుంది. ఏ థీటానైనా దానితోనే గుణిస్తే సున్నా వస్తుంది. ఈ లెక్కలకు మూలపురుషుడు హెర్మాన్ గ్రాస్‌మన్ అనే జర్మన్ బడిపంతులు. 1844లో ఆయన పుస్తకం అచ్చేస్తే కొన్న నాథుడు లేడు. మిగిలిన ప్రతుల్ని ప్రచురణకర్త చిత్తుకాగితాల కింద వాడేశాడు. పంతులు విసిగిపోయి సంస్కృతం పట్టి, ఋగ్వేదానికి నిఘంటువు రాసి పేరు తెచ్చుకున్నాడు.

చిత్తుకాగితాల దాకా వచ్చాం కాబట్టి అర్జీల సంగతి చూద్దాం. గ్రాస్‌మన్ సూత్రాలు సరిహద్దు ఆఫీసుల్లో అక్షరాలా అమలవుతున్నాయి. కూనవరం నిర్వాసితుడి కాగితం ముందు రెవెన్యూకు వెళ్లి తర్వాత అటవీశాఖకు వెళ్తే ఒక జవాబు. ముందు అటవీశాఖకు వెళ్లి తర్వాత రెవెన్యూకు వస్తే అదే జవాబు తలకిందులుగా. ఇక ఇచ్చిన చోటే ఆ అర్జీని రెండోసారి ఇచ్చారనుకోండి, సున్నా. ‘ఇదివరకే ఇచ్చారుగా’ అంటారు. మొదటిసారి ఇచ్చింది ఏమైందని అడిగితే అది మూడోసారి కిందికి వస్తుంది. మూడోసారికి ఈ గణితంలో అసలు చోటే లేదు.

సూపర్‌స్పేస్ ఎందుకు కావాల్సివచ్చిందంటే, సూపర్‌సిమెట్రీ అనే సిద్ధాంతం కోసం. ప్రతి కణానికీ ఒక జంటకణం ఉండి తీరాలని దాని పట్టు. ఎలక్ట్రానుకు సెలెక్ట్రాన్, క్వార్కుకు స్క్వార్క్. కొత్త కణాలు కనిపెట్టడం కంటే ఉన్న పేర్లకు ఒక ‘స’ తగిలించడం తేలికని వాళ్లకు తెలిసింది. మనవాళ్లు ‘స’ కూడా ఖర్చుపెట్టలేదు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని చుట్టుకుని ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లి ఎటపాక మండలమయ్యాయి. బూర్గంపాడు మండలకేంద్రం ఇక్కడ, దాని ఊళ్లు కొన్ని అక్కడ. రాముడు తెలంగాణ, రాముడి మాన్యం పురుషోత్తపట్నంలో ఉంది కాబట్టి ఆంధ్ర. పట్టణానికి చెత్త పారబోసుకునే జాగా కూడా మిగల్లేదు. శుద్ధమైన గణితంలో చెత్తకు చోటుండదు కదా.

ఈ జంటల్లో అన్నిటికంటే అందమైనది ఓటు, ఓటరు. 2014 ఏప్రిల్ 30న ఈ మండలాలవాళ్లు క్యూలో నిలబడి తెలంగాణ అసెంబ్లీకి ఎమ్మెల్యేలను ఎన్నుకున్నారు. నెల తిరక్కుండా ఓటరు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాడు, ఓటు తెలంగాణలో ఉండిపోయింది. తాసిల్దారు ఒక రాష్ట్రం, ఎమ్మెల్యే మరో రాష్ట్రం. మళ్లీ 2019లో రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో చేరి ఓటేసేదాకా అంతే. అన్నేళ్లు తనను పాలించే అసెంబ్లీలో తన మనిషి లేని ఓటరును క్వాంటం సిద్ధాంతం కూడా ఊహించలేదు.

మైనస్ గుర్తు మహిమ ఇంకా చూడాలంటే అడవిలోకి నడవాలి. 2005లో మావోయిస్టుల మీదికని మొదలైన సల్వాజుడుం మంటకు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ఊళ్లు ఖాళీ అయి, జనం ఇటువైపు అడవుల్లోకి వచ్చిపడ్డారు. ఆ జుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. తీర్పు వచ్చింది గానీ గుర్తు మారలేదు. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నన్నాళ్లూ వాళ్లు షెడ్యూల్డు తెగ. అదే మనిషి, అదే కోయమాట, అదే పోడు. ఇటు వచ్చేసరికి ‘గుత్తికోయ’, వలసవచ్చినవాడు. కులధ్రువపత్రం లేదు, పోడు పట్టా లేదు. వాగు దాటేటప్పుడు నీళ్లలో జారిపోయేది చెప్పులని ఇన్నాళ్లూ అనుకున్నాం. తెగ కూడా జారిపోతుందట.

ఇక ఈ సూపర్‌స్పేస్‌కు తర్వాత కలిపిన ప్రక్షేప జ్యామితి, అంటే ప్రొజెక్టివ్ జామెట్రీ. దీని పుట్టుక భద్రాద్రి జనానికి చెప్పకుండానే అర్థమవుతుంది. 1812లో నెపోలియన్ దండుతో రష్యా వెళ్లి పట్టుబడిన పోన్స్‌లే అనే ఫ్రెంచి ఇంజినీరు, సరాటోవ్‌లో యుద్ధఖైదీగా ఉంటూ ఈ జ్యామితిని అల్లాడు. 1822లో అచ్చేశాడు. గోల్కొండ ఖైదులో కంచర్ల గోపన్న కీర్తనలు అల్లుకున్నట్టే. అయితే గోపన్న సర్కారు సొమ్ముతో దేవుడికి గుడి కట్టి జైలుకు వెళ్లాడు. గుడి ఒక రాష్ట్రంలో, గుడి భూములు మరో రాష్ట్రంలో పెట్టినవాళ్లు ఎవరూ వెళ్లలేదు.

ఈ జ్యామితిలో బిందువు అన్నచోట రేఖ అనీ, రేఖ అన్నచోట బిందువు అనీ మార్చి చదివినా సిద్ధాంతం చెక్కుచెదరదు. మామూలు దేశాల్లో ఊరు బిందువు, సరిహద్దు రేఖ. భద్రాచలంలో దుమ్ముగూడెం బస్సెక్కండి, ఊళ్లే సరిహద్దయిపోయిన విచిత్రం కనిపిస్తుంది. తెలంగాణలో టికెట్టు కొట్టించుకుని, ఎటపాకలో ఆంధ్రప్రదేశ్‌లోకి దూరి, కొన్ని ఊళ్లు దాటాక మళ్లీ తెలంగాణలో తేలి, అప్పుడు పర్ణశాల చేరాలి. అక్కడ లక్ష్మణుడు గీసిన గీత ఒక్కటే. దాటవద్దని చెప్పి మరీ గీశాడు. ఇంటికి వెళ్లాలంటే దాటక తప్పని గీతలు గీసే విద్య పాపం ఆయనకు అబ్బలేదు.

ఇందులోనే ఇంకో సదుపాయం ఉంది. ఒక బిందువు కొలతలన్నిటినీ పదింతలు చేయండి, పదోవంతుకు కోయండి, బిందువు ఉన్నచోటే ఉంటుంది. అంకెల పెద్దరికంతో పనిలేదు. పోలవరం పునరావాస హామీలు ఈ పద్ధతిలోనే రాశారు. ఎంత పెంచినా నిర్వాసితుడు ఉన్నచోటే ఉంటాడు. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. తొలిదశ పునరావాసానికి 41.15 దగ్గర కాంటూరు అనే ఒక గీత గీశారు. గీత లోపలుంటే నిర్వాసితుడివి, బయటుంటే వేచి ఉండేవాడివి. ఆ ఊళ్లలో ఇప్పుడు ఇద్దరు కలిస్తే వానల సంగతి కాదు, కాంటూరు సంగతే మాట్లాడుకుంటారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు, గీత లోపలివాళ్లూ బయటివాళ్లూ కలిసి గుట్టలెక్కారు. గోదారికి కాంటూరు చదవడం రాదు. దాన్ని కూడా ఏదో ఒక శిక్షణకు పంపాలి.

సమాంతర రేఖలు కూడా కలుస్తాయన్నది ప్రక్షేప జ్యామితి పెద్ద హామీ. కలిసే చోటు పేరు అనంతం. 2024 జులై 6న రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు హైదరాబాద్ ప్రజాభవన్‌లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆ అనంతం బేగంపేటలోనే ఉందేమోనని ఒక పూట ఆశ కలిగింది. కమిటీలు వేద్దామని తేల్చి లేచారు. ఇది తప్పని అనడం అజ్ఞానం. 1984లో కార్ల్‌హెడె, లిండ్‌స్ట్రోమ్, రోచెక్ అనే ముగ్గురు ఈ జ్యామితిని, ఆ థీటాలను కలిపి ప్రొజెక్టివ్ సూపర్‌స్పేస్ తయారుచేశారు. అందులో లెక్క నిలబడటానికి సహాయక క్షేత్రాలని కొన్ని ఉంటాయి. వాటికి కదలిక లేదు. అవి ఏ కణాన్నీ పుట్టించవు, ఏ పరికరానికీ చిక్కవు. సమీకరణం రెండు వైపులా సరిపోయినట్టు కనిపించడానికే ఉంటాయి. ఒక్కోచోట అవి అనంత సంఖ్యలో కావాల్సి వస్తాయి. మన దగ్గర వాటినే కమిటీలంటారు.

ఇంతవరకూ పోలిక బాగానే నడిచింది. ఇక్కడ తెగిపోతుంది.

సూపర్‌సిమెట్రీవాళ్లు తమ జంటకణాలు ఉన్నాయని ఊరుకోలేదు. వెతికారు. జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో, 27 కిలోమీటర్ల సొరంగంలో లార్జ్ హాడ్రన్ కొలైడర్ ప్రోటాన్లను ఢీకొట్టిస్తూనే ఉంది. 2012లో హిగ్స్ కణం దొరికింది. సూపర్ జంటలు మాత్రం ఒక్కటీ దొరకలేదు. అప్పుడు వాళ్లేం చేశారు? ఇంత బరువు దాకా వెతికాం, కనపడలేదు అని పత్రాలు రాసి, కింద పేర్లు పెట్టుకుని, లోకమంతా చదివేలా అచ్చేశారు. జీవితమంతా ఆ సిద్ధాంతం మీదే పెట్టినవాళ్ల పేర్లకు కూడా మినహాయింపు ఇవ్వలేదు. ఇంకా బరువైనచోట ఉన్నాయేమోనని కొందరు ఇప్పటికీ అంటారు. అననివ్వండి. బరువైనదంటే మనకు అశ్వాపురం ఫ్యాక్టరీ భారజలమే తెలుసు, వాళ్లకు ఇంకేదో తెలిసి ఉండొచ్చు. వాళ్ల ఊహ తప్పయితే మునిగేది వాళ్ల పేరే గానీ ఊళ్లు కాదు.

కొలిచే పరికరం మన దగ్గర లేక కాదు. దాని పేరు గ్రామసభ. షెడ్యూలు ప్రాంతంలో ప్రాజెక్టుకు భూమి తీసుకునేముందు దాన్ని అడిగి చూడాలని 1996 పెసా చట్టం చెబుతోంది. ఏడు మండలాలు రాష్ట్రం మారడానికి మాత్రం ఒక్క గ్రామసభ నోరు విప్పాల్సిన పని పడలేదు. పరికరం ఆపేసి ఫలితం ప్రకటించిన ప్రయోగం ఇదొక్కటే. భౌతికశాస్త్రంలో ఊహకు నిజం తీర్పు చెబుతుంది. ఇక్కడ గీతకు ఊరు జవాబు చెప్పుకుంటోంది.

కాబట్టి అయ్యలారా, రెండు రాష్ట్రాలవారు, ఢిల్లీవారు, మాకు నోబెల్ అక్కర్లేదు, కొత్త హామీ అసలే వద్దు. సెర్న్‌వాళ్లు రాసినటువంటి పత్రం ఒక్కటి రాయండి. ఏ ఊరికి ఇల్లు ఇస్తామన్నాం, ఎంతమందికి ఇచ్చాం, ఎక్కడ వెతికినా ఇచ్చిన దాఖలా దొరకలేదు అని. కింద సంతకాలు పెట్టండి. థీటాలు మీరే ఉంచుకోండి, మేం మామూలు నాలుగు కొలతల మనుషులం. పొడవూ వెడల్పూ సరిహద్దుకు పోయాయి. ఎత్తును కాంటూరు మింగింది. మిగిలింది కాలం. దాన్ని 2014 నుంచి మీరే వాడుకుంటున్నారు, అద్దె కూడా కట్టకుండా.