బానెట్ ఎత్తిన బావ

మా అక్క మొగుడికి వినుకొండలో పురుగుమందుల కొట్టు. అది బతుకుతెరువు మాత్రమే. మనసంతా కార్ల వైద్యం మీదే. ఇలాంటి బావ మీకూ ఒకడు ఉండే ఉంటాడు. బావ కాకపోతే బాబాయి, ఆయనా కాకపోతే ఎదురింటి రిటైర్డ్ మాస్టారు. పెళ్ళిలో అక్షింతలు చేతిలో పట్టుకుని నిలబడి, పందిరి బయట ఎవరి కారో స్టార్టయితే తల పక్కకి వంచి, "దానికి టాపెట్లు పోయినయ్" అని తీర్పు చెప్పేస్తాడు. తలంబ్రాలు అయ్యేసరికి ఆ కారు బానెట్ ఎత్తి ఉంటుంది. కారు ఓనరు పక్కన నిలబడి దిక్కులు చూస్తుంటాడు.

సీతమ్మను ఎత్తుకుపోయిన సంగతి రాముడు విన్నది మా కొండ మీదేనని స్థలపురాణం. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ ఏదీ విన్న దాఖలా లేదు. అందరం చెప్పేవాళ్ళమే. అందులో బావది ముందు వరస.

రోగిష్టి కారు కనబడగానే బావ అడిగే మొదటి ప్రశ్న, "పెట్రోలు ఎక్కడ కొట్టిస్తున్నావ్?" నరసరావుపేట రోడ్డులో అంటే "అదీ సంగతి!" మార్కాపురం రోడ్డులో అన్నా "అదీ సంగతి!" మనం ఏ బంకు చెప్పినా అది కొట్టించకూడని బంకే.

నా పాత పెట్రోలు కారు ఆయన చేతిలో పడింది మొన్న ఎండాకాలంలో. పొద్దున బుద్ధిగా నడిచేది. ఇంజను బాగా వేడెక్కాక, సంతమాగులూరు దాటేసరికో ఎక్కడో, చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. వేపచెట్టు నీడన ఓ అరగంట ఉంచితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. "ఎండదెబ్బ" అన్నాడు బావ. రెంటచింతల ఉన్న జిల్లాలో ఆ మాట కాదనడం కష్టం. ముందు ప్లగ్గులు మార్పించాడు. తర్వాత కాయిల్. ఆ తర్వాత పెట్రోలు పంపు. అన్నీ అయ్యాక, తన చొక్కా జేబులో బ్లూటూత్ స్కానర్ ఉన్న సంగతి గుర్తొచ్చింది.

స్టీరింగు కింద దాన్ని గుచ్చితే ఫోనులో పి0340 అని పడింది. బావ మొహం వెలిగిపోయింది. "క్యామ్‌షాఫ్ట్ సెన్సార్, బామ్మర్దీ! పీకి పారేసి కొత్తది పెట్టు." పెట్టాం. ఆయన కోడ్ చెరిపేశాడు. డాష్‌బోర్డు మీద లైటు ఆరింది కాబట్టి రోగం కుదిరినట్టే లెక్క. నరసరావుపేట చేరకముందే లైటూ వచ్చింది, కారూ ఆగింది. "డూప్లికేట్ ముక్క అంటగట్టారు" అని ఇంకోటి తెప్పించాడు. అదీ అంతే.

ఆ సెన్సార్ పని నిజానికి అంత బ్రహ్మవిద్యేం కాదు. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. పిస్టన్ పైకి వచ్చిందని క్రాంక్ సెన్సార్ చెప్పగలదు గానీ, ఆ రావడం పెట్రోలు మిశ్రమాన్ని నొక్కడానికా, పొగను బయటికి నెట్టడానికా అన్నది చెప్పలేదు. అది తేల్చేది క్యామ్ సెన్సార్. చాలా కార్లలో దానికి మూడు వైర్లుంటాయి: ఒకటి కరెంటుకి, ఒకటి ఎర్తుకి, ఒకటి కబురుకి. పి0340 అంటే ఆ సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని కంప్యూటర్ పెట్టుకున్న ఫిర్యాదు. దొంగ ఎవరో అందులో రాసి ఉండదు. సెన్సార్ కావచ్చు, వైరు కావచ్చు, కనెక్టర్ కావచ్చు. బావ మాత్రం ఫిర్యాదు చదివి శిక్ష వేసే రకం.

మూడో సెన్సార్‌కి నేను ఒప్పుకోకపోయేసరికి నేరం ఎలకల మీదికి పోయింది. "పత్తి కొట్లున్న ఊరయ్యా, వైర్లు కొరక్కుండా ఉంటయ్యా?" అని, వైర్లు చూడకుండానే, బానెట్ కింద మంచి ఘాటున్న మిరపకారం చల్లాడు. ఆ సాయంత్రం ఏసీ వేసిన మరుక్షణం మా అక్క, నేను, బావ తలుపులు తీసుకుని రోడ్డు మీద పడ్డాం. అక్క తుమ్ములు ఆగాక ఒకే మాట అంది: "ముందు మనింట్లో మిక్సీ బాగుచెయ్యమను మీ బావని."

చివరికి శివయ్య స్తూపం సెంటర్ దగ్గర ఓ కుర్ర మెకానిక్‌కి చూపించా. అతను కోడ్ చూసి ఊరుకున్నాడు. మీటర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూశాడు, ఎర్తు చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి. ఇంజను వేడెక్కేదాకా నడిపించి, సెన్సార్‌కి వెళ్ళే వైర్ల కట్టని వేలితో అటూ ఇటూ కదిపాడు. ఇంజను టక్కున ఆగింది. కనెక్టర్ దగ్గర, పైతొడుగు చెక్కుచెదరకుండానే, లోపల రాగితీగ విరిగి ఉంది. కోసి, అతికి, స్లీవ్ వేశాడు. "ఇదీ కాకపోతే టైమింగ్ చెయిన్ సాగిందేమో చూసేవాణ్ణి సార్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఈ పద్ధతి బావకి తెలియక కాదు. కొట్లోకి రైతు మిరపాకు పట్టుకొస్తే ఆయన్ని చూడాలి. కళ్ళజోడు పెట్టుకుంటాడు, ఆకు తిప్పి చూస్తాడు. పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. దానికీ దీనికీ మందు వేరు. 2021లో నల్ల తామరపురుగు పూలల్లో దూరి మిరప చేలను ఊడ్చేసినప్పుడు, పక్క కొట్లలో మందుల డబ్బాలు సంచులకెత్తుతుంటే, మా బావ "ముందు పువ్వు దులిపి చూడు, నీలం జిగురు అట్టలు కట్టు, ఊరికే మందు కొట్టి డబ్బు తగలెయ్యమాక" అని వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేవాడు. ఆ బుర్ర కొట్టు షట్టర్‌తో పాటే దిగిపోతుంది కాబోలు.

కారు ఇప్పుడు బాగానే తిరుగుతోంది. బావ కూడా ఊరంతా తిరిగి చెబుతున్నాడు, "క్యామ్ సెన్సార్ లైనులోనే ఉందని మొదట చెప్పిందెవరు?" అని. కాదనడానికి లేదు, కోడ్ చదివింది ఆయనే. ఈ మధ్య మీటర్ కూడా కొన్నాడు. అక్క మిక్సీ ఇంకా అలమరలోనే ఉంది.

మొన్న మా అన్నయ్య ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. క్యామ్‌షాఫ్ట్ లేదు, ప్లగ్గు లేదు, టాపెట్ లేదు. బతికిపోయాం అనుకున్నాం. బావ వచ్చి బానెట్ ఎత్తాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అడిగాడు:

"ఛార్జింగు ఎక్కడ పెట్టిస్తున్నావ్?"

"ఇంట్లోనే, బావా."

"అదీ సంగతి!"