బొమ్మా బొరుసూ: ఒక రూపాయి బిళ్ల ఆత్మకథ

ఈ ఆత్మకథకు కర్త ఒక రూపాయి నాణెం. 2000వ సంవత్సరంలో హైదరాబాదు శివారు చర్లపల్లిలోని టంకశాలలో, అంటే ప్రభుత్వం నాణేలు ముద్రించే కర్మాగారంలో, పుట్టిన ఈ నాణేనికి ఒకవైపు అశోక స్తంభపు సింహాల ముద్ర, మరోవైపు ధాన్యపు కంకుల నడుమ ఒకటి అంకె, దాని దిగువన ముద్రణ సంవత్సరం, ఆ కింద హైదరాబాదు టంకశాలకు గుర్తుగా చిన్న నక్షత్రం ఉన్నాయి. ఇనుములో క్రోమియం కలిపిన తుప్పు పట్టని ఉక్కుతో, 25 మిల్లీమీటర్ల వ్యాసంతో, 4.85 గ్రాముల బరువుతో తయారై కర్నూలు చేరిన ఈ నాణెం, అంగళ్ల గల్లాపెట్టెలలోను, ఆటోవాళ్ల చొక్కా జేబులలోను మిగతా చిల్లరలాగే బతికినా, భారత్, పాకిస్థాన్ జట్లు తలపడిన ప్రతిసారీ సిరీస్ ఎవరిదో తేల్చి చెప్పమంటూ దీన్ని గాలిలోకి ఎగరేయడం వల్ల దీని జీవితానికి ఒక ప్రత్యేకత వచ్చింది. తనపై మోపిన ఆ జోస్యపు పని ఎంతవరకు తనకు తగినదో పరిశీలించడమే ఈ రచన ఉద్దేశం.

సింహాలున్న వైపును బొమ్మ అని, అంకె ఉన్న వైపును బొరుసు అని వ్యవహరిస్తారు. ఎగరేసినప్పుడు ఏ వైపు పడుతుందో ముందుగా చెప్పలేకపోయినా, అనేకసార్లు ఎగరేస్తే సుమారు సగంసార్లు బొమ్మ పడుతుందని చెప్పవచ్చు. ఇలా ఒక ఘటన జరిగే అవకాశాన్ని సున్నాకు, ఒకటికి మధ్య సంఖ్యగా చెప్పే కొలతను గణితంలో సంభావ్యత అంటారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో డెన్మార్కులో నిర్బంధంలో ఉన్న జాన్ కెరిక్ అనే గణితవేత్త ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరేయగా 5,067 సార్లు బొమ్మ పడింది. 2023లో కొందరు పరిశోధకులు కలిసి 3,50,757 సార్లు నాణేలు ఎగరేసి లెక్కించగా, ఎగరేసే ముందు పైకి ఉన్న వైపే తిరిగి పైకి వచ్చే అవకాశం 50.8 శాతంగా తేలింది. అంటే నాణేనికి పక్షపాతం దాదాపు లేదని, ఉన్న ఆ కాస్త మొగ్గూ ఎగరేసే బొటనవేలి నుంచి వచ్చేదేనని గ్రహించాలి.

నాణేనికి జ్ఞాపకం లేదన్నది దీని స్వభావంలో రెండవ అంశం. ఒక ఫలితం తరువాతి ఫలితాన్ని ఏ విధంగానూ మార్చని ఘటనలను స్వతంత్ర ఘటనలంటారు. అయినా వరుసగా అయిదుసార్లు బొరుసు పడితే ఆరోసారి బొమ్మ పడక తప్పదని జనం నమ్ముతారు. 2023 నవంబరు 19న అహ్మదాబాదులో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ మొదలుకొని భారత పురుషుల జట్టు ఒకరోజు మ్యాచ్‌లలో వరుసగా 20 సార్లు టాస్ ఓడిపోగా, 2025 డిసెంబరు 6న విశాఖపట్నంలో దక్షిణాఫ్రికాతో ఆడిన మ్యాచ్‌లో కె.ఎల్. రాహుల్ టాస్ గెలవడంతో ఆ వరుస తెగింది. ఇరవై టాస్‌లూ ఓడిపోయే అవకాశం మొదట్లో 10,48,576లో ఒక వంతు మాత్రమే అయినప్పటికీ, పందొమ్మిది ఓడిన తరువాత ఇరవయ్యోది ఓడే అవకాశం మాత్రం సరిగ్గా సగమే. ఆ వరుస నడుస్తుండగానే, 2025 ఛాంపియన్స్ ట్రోఫీలో అయిదు టాస్‌లూ ఓడిన భారత్ అయిదు మ్యాచ్‌లూ గెలిచి కప్పు తెచ్చుకుంది కాబట్టి, టాస్ జాతకం వేరు, ఆట జాతకం వేరు అన్నది స్పష్టం.

ఈ నాణేనికి జోస్యుడన్న పేరు వచ్చింది 2004 మార్చిలో, కర్నూలు పాతబస్తీలోని ఒక టీ అంగడిలో. అప్పుడు పాకిస్థాన్‌లో పర్యటిస్తున్న భారత జట్టు అయిదు ఒకరోజు మ్యాచ్‌ల సిరీస్‌లో కరాచీలో 5 పరుగుల తేడాతో గెలిచి, రావల్పిండిలోను, పెషావర్‌లోను ఓడి, 1-2తో వెనుకబడి ఉంది. మిగిలిన రెండూ గెలిస్తేనే సిరీస్ దక్కుతుంది. రెండు జట్లూ సమానమనుకుంటే అందుకు ఉన్న అవకాశం నాలుగింట ఒక వంతు. బొమ్మ పడితే సిరీస్ భారత్‌దే అనుకుని అంగడి యజమాని ఎగరేయగా బొమ్మే పడింది. లాహోర్‌లో జరిగిన చివరి రెండు మ్యాచ్‌లనూ భారత్ గెలుచుకుంది. వాటిలో రెండవది, మార్చి 24న జరిగినది, హైదరాబాదువాడైన వి.వి.ఎస్. లక్ష్మణ్ 107 పరుగులతో 40 పరుగుల తేడాతో దక్కింది. ఆ మరుసటి రోజు నుంచి ఈ నాణెం చిల్లరలో కలవకుండా, కుంకుమ బొట్టుతో, గల్లాపెట్టెలో దేవుడి పటం కింద ప్రత్యేక స్థానం పొందింది. నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్న ఘటన జరగడం వింత కాదని, అదే రోజు ఇతర అంగళ్లలో బొరుసు పడిన నాణేలను ఎవరూ గుర్తు పెట్టుకోలేదని ఎవరికీ తోచలేదు.

మరుసటి ఏడు పాకిస్థాన్ జట్టు భారత్‌కు వచ్చి ఆరు ఒకరోజు మ్యాచ్‌లు ఆడింది. ఏప్రిల్ 2న కొచ్చిలో భారత్ 87 పరుగులతో గెలిచింది. ఏప్రిల్ 5న విశాఖపట్నంలో మహేంద్రసింగ్ ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు చేయగా, భారత్ 9 వికెట్లకు 356 పరుగులు సాధించి, పాకిస్థాన్‌ను 298కి కట్టడి చేసి 58 పరుగులతో గెలిచింది. సొంత రాష్ట్రంలో జరిగిన గెలుపు కావడంతో టీ అంగడిలో ఉత్సాహానికి పట్టపగ్గాలు లేకపోయాయి. బాకీ చీటీలు మడిచి జేబులో పెట్టుకుంటూ ఒక ఆటో డ్రైవరు "రెండైపాయ మామా, ఇంగ నాలుగే గదా, ఆరుకారూ మనోళ్లే కొట్టకొస్తారు సూడు" అనగా, వడకట్టు గుడ్డ పిండుతున్న అంగడి యజమాని పాకిస్థాన్ సారథి ఇంజమాముల్ హక్‌ను తలచుకుంటూ "తొందరపడాకురా అల్లుడా, ఇంజమాము ఇంగా నిద్ర లేయలే" అన్నాడు. అయినా దేవుడి పటం కింది నుంచి నాణేన్ని తీసి అతడే ఎగరేశాడు. టీ మరకలతో నల్లబడిన చెక్కబల్లపై పడి, గాజు గ్లాసుకు తగిలి, అంచు మీద గిర్రున తిరిగి, మళ్లీ బొమ్మ పైకి వచ్చేలా నాణెం వాలింది. సిరీస్ భారత్‌దేనని తీర్మానమైపోయింది.

ఆ తరువాత జంషెడ్‌పూర్‌లో 106 పరుగులతో ఓటమి. అహ్మదాబాదులో సచిన్ టెండూల్కర్ 123 పరుగులు చేసినా, అతడే వేసిన చివరి ఓవరు చివరి బంతిని ఇంజమాముల్ హక్ బౌండరీకి పంపడంతో మరో ఓటమి. కాన్పూరులో షాహిద్ అఫ్రిదీ 45 బంతుల్లోనే శతకం కొట్టాడు. ఏప్రిల్ 17న ఢిల్లీలో భారత్ 144 పరుగులకు కుప్పకూలి 159 పరుగుల తేడాతో ఓడింది. సిరీస్ 4-2తో పాకిస్థాన్ వశమైంది.

2-0 ఆధిక్యం ఉన్నప్పుడు నిజమైన అంచనా ఎలా ఉండాలన్నది లెక్కించి చూడవచ్చు. రెండు జట్లూ సమానమైతే, మిగిలిన నాలుగు మ్యాచ్‌ల ఫలితాలు పదహారు రకాలుగా రావచ్చు. వాటిలో భారత్ కనీసం రెండు గెలిచి సిరీస్ దక్కించుకునేవి 11, ఒక్కటే గెలిచి 3-3తో సమమయ్యేవి 4, నాలుగూ ఓడేది 1. కాబట్టి "భారత్‌కు పదహారింట పదకొండు పాళ్లు" అన్నవాడు, ఫలితం ఎదురుతిరిగినా, తప్పు చెప్పినవాడు కాడు. "ఆరుకు ఆరూ మనవే" అన్నవాడు మాత్రం, ఒకవేళ అలాగే జరిగి ఉన్నా, తెలిసి చెప్పినవాడు కాడు. అంచనా అన్నది అవకాశాల పంపకమే తప్ప తీర్పు కాదన్న ఈ భేదాన్ని అంగడిలో ఎవరూ గమనించలేదు. కుంకుమ తుడిచేసి నాణేన్ని తిరిగి చిల్లరలో పడేశారు. పొగిడినప్పుడు నాణెం చేసిన ఘనకార్యమేదీ లేనట్లే, పడేసినప్పుడు చేసిన అపరాధమూ లేదు.

అయితే క్రికెట్ జట్టు నాణెం కాదు. పిచ్ స్వభావం, రాత్రి మ్యాచ్‌లలో బంతిని తడిపి స్పిన్నర్ల పట్టును జార్చే మంచు, గాయాలు, సారథుల మార్పు ఇవన్నీ అవకాశాలను కదిలిస్తాయి. 2005లోనే అహ్మదాబాదు మ్యాచ్ తరువాత, ఓవర్లు నిదానంగా వేయించినందుకు సౌరవ్ గంగూలీపై నిషేధం పడగా, చివరి రెండు మ్యాచ్‌లకు రాహుల్ ద్రావిడ్ నాయకత్వం వహించాడు. ఒక మ్యాచ్‌లో గెలిచే అవకాశం 60 శాతం ఉన్న బలమైన జట్టుకు అయిదు మ్యాచ్‌ల సిరీస్ దక్కే అవకాశం సుమారు 68 శాతం. అంటే సిరీస్ పొడుగైనకొద్దీ బలం బయటపడుతుంది గాని, ఇంచుమించు మూడు సిరీస్‌లలో ఒకటి బలహీనమైన జట్టుకే పోతుంది.

గతం ఆధారంగా వేసే లెక్కలకు ఇంకొక పరిమితి ఉంది. విశాఖ మ్యాచ్‌కు ముందు ధోనీ నాలుగు ఇన్నింగ్స్‌లలో చేసిన మొత్తం పరుగులు 22. ఏ లెక్కా అతడి నుంచి 148ని ఊహించలేదు. 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండు మహిళల జట్టుపై తన తొలి అంతర్జాతీయ టీ20 ఆడిన కడప జిల్లా ఎడమచేతి స్పిన్నరు శ్రీచరణి 12 పరుగులకే 4 వికెట్లు తీసింది. ఆ సిరీస్‌ను భారత్ 3-2తో గెలవగా, 10 వికెట్లు తీసిన ఆమెకే సిరీస్ ఉత్తమ క్రీడాకారిణి బహుమతి దక్కింది. అదే ఏడు మహిళల ప్రపంచకప్ గెలిచిన జట్టులోనూ ఆమె ఉంది. కొత్తగా వచ్చినవారి పేరు పాత పట్టికలలో ఉండదు కాబట్టి, ఎంత పెద్ద పట్టిక చూసి వేసిన అంచనాలోనైనా ఒక ఖాళీ మిగిలే ఉంటుంది.

2009లో ఈ నాణెం బతుకు మలుపు తిరిగింది. ఆ ఏడు దేశమంతటా నైరుతి రుతుపవనాలు మొహం చాటేసి, సీమ రైతు బుడ్డల (వేరుశనగ) పంటపై ఆశ వదులుకుంటున్న తరుణంలో, అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పాతబస్తీని ముంచేశాయి. టీ అంగడితో పాటు బురదలో కూరుకుపోయి, పలుగుకు తగిలి బయటపడిన నాణెం చేతులు మారుతూ తుగ్గలి మండలం జొన్నగిరి చేరింది. తొలకరి వానలకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలినప్పుడు, చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం సద్దిమూటలతో వచ్చి అక్కడి చేలలో వజ్రాల కోసం నడుం వంచి వెతుకుతారు. ఒకరికి వజ్రం దొరికితే మర్నాడు పత్రికలో పడుతుంది. రోజంతా తిరిగి ఉత్త చేతులతో బస్సెక్కినవారి సంగతి ఏ పత్రికా రాయదు. క్రికెట్ జోస్యాల కీర్తీ ఇలాగే పుడుతుంది: ఫలించిన మాట ఊరంతా తిరుగుతుంది, తప్పిన వందల మాటలు చెప్పినవారి నోటిలోనే కరిగిపోతాయి.

ద్వైపాక్షిక సిరీస్‌లు, అంటే రెండు దేశాలు మాత్రమే ఆడుకునేవి, భారత్, పాకిస్థాన్‌ల మధ్య 2012-13 తరువాత జరగలేదు. అప్పటి ఒకరోజు సిరీస్‌ను పాకిస్థాన్ 2-1తో గెలుచుకుంది. ఇప్పుడు రెండు జట్లూ బహుళ దేశాల పోటీలలోనే కలుస్తున్నా, జోస్యాల తీరు మారలేదు. పురుషుల ప్రపంచకప్‌లలో పాకిస్థాన్ చేతిలో భారత్ ఎన్నడూ ఓడలేదన్న ధీమాను 2021 అక్టోబరు 24న దుబాయిలో 10 వికెట్ల ఓటమి వమ్ము చేసింది. 2025 సెప్టెంబరు 28న అదే నగరంలో, ఆసియా కప్ ఫైనల్‌లో 147 లక్ష్యానికి భారత్ 20 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు, హైదరాబాదు కుర్రాడు తిలక్ వర్మ అజేయంగా 69 పరుగులు చేసి గెలిపించాడు.

జోస్యానికి డబ్బు తోడైతే అది పందెం. బుకీ, అంటే పందేలు స్వీకరించే దళారి, సమాన అవకాశమున్న మ్యాచ్‌కు రూపాయికి తొంభై పైసల లాభం ఇస్తానంటాడు. గెలిస్తే తొంభై పైసలు వచ్చి, ఓడితే రూపాయి పోయే ఈ బేరంలో సగటున ప్రతి రూపాయికీ అయిదు పైసలు ఆడేవాడి జేబు నుంచి పోతాయి, గెలిచేది ఏ దేశమైనా సరే. ఇటువంటి పందేలను 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం నేరంగా పరిగణిస్తుంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలనూ దాని పరిధిలోకి తెచ్చారు. తన విలువ ఎంతో స్పష్టంగా ముఖాన ముద్రించుకున్న నాణేనికి, ఆ విలువ ఇలా తరిగిపోయే చోటు ఇంకొకటి తెలియదు.

ఫోనుతో చెల్లింపులు వచ్చాక ఈ నాణేన్ని ఎగరేసేవారు తగ్గారు గాని, జోస్యం చెప్పేవారు తగ్గలేదు. రాబోయే సిరీస్‌పై అంచనా చెప్పదలచినవారు మూడు పనులు చేస్తే చాలు: "గెలుస్తుంది" అని కాకుండా వందకు ఎన్ని పాళ్లో చెప్పాలి, మ్యాచ్ మొదలుకాకముందే తేదీతో రాసిపెట్టుకోవాలి, ఫలించినవాటి పక్కన తప్పినవాటినీ లెక్కించాలి. ఈ మూడింటికీ సిద్ధపడనివారి జోస్యం కంటే ఒక రూపాయి బిళ్ల జోస్యం ఏ మాత్రం తీసిపోదు, పైగా దానికి ఖర్చయ్యేదేమీ లేదు.