బాల్కనీలో కుంకుమపువ్వు: అనుభవం మీద చెబుతున్నా, రాసుకోండి

కుంకుమపువ్వు ధర విని గుండె పట్టుకున్నవాళ్లకు వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. ఇంట్లోనే పండించుకుంటే పోలా? ఆన్‌లైన్‌లో డజను దుంపలు తెప్పించి, హైదరాబాదులో మూడో అంతస్తు బాల్కనీలో సాగు మొదలుపెట్టాను.

ముందు కుండీ సంగతి. కశ్మీరులోని పాంపోర్‌లో నీరు నిలవని కరేవా మెట్టల మీద ఈ దుంపలు నాటుతారు. మనకెందుకా గొడవ? చెరువు మట్టి తెచ్చి కూరేయండి. అడుగున చిల్లుంటే కింది ఫ్లాటువాళ్ల బట్టల మీద బురద కారుతుంది కాబట్టి సిమెంటుతో పూడ్చేయండి. ఇరుగుపొరుగుతో సఖ్యత ముఖ్యం.

పూత రావాలంటే అక్టోబరులో 17 డిగ్రీల చల్లదనం కావాలి. అందుకని నాటేముందు దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టాను. మా అత్తగారు సాంబారు ఉల్లిపాయలనుకుని కత్తిపీట ముందేసుకున్నారు. కనుక ఫ్రిజ్ వద్దు. రాత్రంతా ఏసీ వేసి బాల్కనీ తలుపు తెరిచి ఉంచండి. వచ్చే కరెంటు బిల్లుతో పాంపోర్ సరుకే కొనొచ్చు గానీ, ఇంటి పంట ఇంటి పంటే.

పువ్వుకు 3 ఎర్ర పోగులుంటాయి. గ్రాము తూగాలంటే సుమారు 150 పువ్వులు కావాలి. నాకు రెండు పూశాయి. పొద్దెక్కకముందే కోయాలంటారు, ఆదివారం కదా, తొమ్మిదింటికి లేచాను. ఆ ఆరు పోగులూ పాయసంలో వేశాం. రంగు చాలక చిటికెడు పసుపు కలిపాం.

తర్వాత గడ్డిలాంటి సన్నటి ఆకులు మిగులుతాయి. అవి చలికాలమంతా ఎండ తాగి పిల్లదుంపల్ని పెంచుతాయట. తల్లిదుంప కృశించి, మరుసటి ఏడు పూసేది ఆ పిల్లలేనట. చూడ్డానికి మాత్రం గడ్డే. డిసెంబరులోనే కత్తెరేసేయండి, బాల్కనీ నీటుగా ఉంటుంది.

ఎండాకాలం దుంప నిద్రపోతుందనీ, పొడిగా వదిలేయాలనీ తెలిసినవాళ్లు చెబుతారు. మే నెల ఎండకు మనమే అల్లాడుతుంటే పాపం అదెలా ఓర్చుకుంటుంది? పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోయండి. కొన్నాళ్లకు కుండీలోంచి ఒక వాసన మొదలవుతుంది. ఎరువు వాసనేనని మా ఆవిడకు చెప్పాను; మీరూ అలాగే చెప్పండి.

మళ్లీ దుంపలకు డబ్బు పెట్టలేకపోతే విత్తనాలు కొనండి. ఇది గింజ కట్టని మొక్క, దుంపతోనే పెరుగుతుంది. అయినా పొట్లాలు అమ్ముతున్నారు. అమ్ముతున్నారంటే ఉండే ఉంటాయి.

ప్రస్తుతం ఆ కుండీకి చిల్లు తెరిచి పుదీనా వేశాను. ఏపుగా ఉంది. కావలసినవాళ్లు సాయంత్రం ఐదు దాటాక సంచి తెచ్చుకోండి.