ఉగ్రస్తంభం ఎక్కారా?

అహోబిలం వెళ్ళొచ్చినవాణ్ణి దర్శనం ఎలా అయిందని ఎవరూ అడగరు. "ఉగ్రస్తంభం ఎక్కారా?" అంటారు. లేదంటే "ఓహో" అంటారు. ఆ ఓహోలో ముప్పాతిక జాలి, పాతిక సంతోషం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్నాడు, బ్యాంకులో క్యాషియరు అన్నాడు, ఆఖరికి నా బీపీ చూసే డాక్టరుగారూ అన్నారు. లిఫ్టు ఉండగా మెట్లెక్కొద్దని నాకు చీటీ మీద రాసిచ్చింది ఆయనే.

నిజానికి ఇంత దయగల క్షేత్రం ఇంకోటి లేదు. కర్నూలు జిల్లాలో ఉన్నంతకాలమూ, 2022 నుంచి నంద్యాల జిల్లాలోనూ, తొమ్మిది మంది నరసింహులు తొమ్మిది రకాల కాళ్ళకి సరిపోయేలా కొలువై ఉన్నారు. ఛత్రవటుడు, యోగానందుడు దిగువ అహోబిలం చుట్టుపక్కలే. కారు దిగి చెప్పులు విప్పడమే శ్రమ. ఎగువకి ఎనిమిది కిలోమీటర్లు, గుడి దాకా బస్సుంది. దారిలో రోడ్డు పక్కనే కారంజ నరసింహుడు. పావన నరసింహుడి దగ్గరికి జీపు. కాళ్ళకి సెలవు, నడుముకి పరీక్ష. ఎగువ గుడి దాటి గరుడాద్రి, వేదాద్రి మధ్య లోయలో భవనాశిని వాగు వెంబడి నడవగలిగితే వరాహ, మాలోల, జ్వాలా నరసింహులు. మధ్యలో ప్రహ్లాద బడి. (బడి అంత ఎత్తున పెడితే హాజరు ఎలా ఉండేదో!) నడవలేనివాళ్ళకి డోలీ. ఇవన్నీ అయ్యాక కూడా కాళ్ళ తీట తీరనివాళ్ళకి, స్వామి చీల్చుకొచ్చిన స్తంభం ఇదేనంటారే ఆ కొండకొమ్ము, ఉగ్రస్తంభం.

నేను జ్వాలా నరసింహుడి దాకా వెళ్ళాను. గుడి ముందు కొండ అంచు నుంచి పడే ధారకి కళ్ళద్దాలు తడిసి, స్వామి ఎవరో పూజారి ఎవరో తెలియని స్థితిలో దణ్ణం పెట్టాను. హిరణ్యకశిపుణ్ణి చీల్చింది అక్కడే అంటారు. చేతులు కడుక్కుంది ఆ దగ్గరున్న రక్తగుండంలో అంటారు. కథ ముగిసిన చోటికి, చేతులు కడుక్కున్న చోటికి కూడా వెళ్ళినవాడికి, స్తంభం పగిలిన చోటు చూడలేదని మార్కులు కొయ్యడం ఏం న్యాయమండీ?

అసలు నేను ఎక్కకపోవడానికి కర్ర కారణం. దీని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

నడక మొదలయ్యే చోట వెదురు కర్రలు అద్దెకిస్తారు. నా ఎత్తుకి తగిన కర్ర ఆ కట్టలో ఉండదు. ఒకటి గడ్డం కింద పొడిచింది. ఇంకోటి పట్టుకుంటే కింద పడ్డ రూపాయి వెతుక్కుంటున్నట్టు వంగాల్సి వచ్చింది. మూడోదాన్ని మా ఆవిడ చూసి "చీలికుందండీ, చెయ్యి కోసుకుంటుంది" అంది. అరచేతి దగ్గర నున్నగా అరిగి, కొస మాత్రం చీపురులా విచ్చుకున్నదొకటి ఆఖరికి దొరికింది. నాకంటే ముందు ఎందరు ఆయాసపడ్డారో దాని మీద రాసి ఉన్నట్టే ఉంది.

మా బావమరిది కర్ర తీసుకోలేదు. "నాకెందుకు బావా" అని, అడుగులు లెక్కపెట్టే వాచీ చూపించాడు. కర్ర వద్దన్నవాడితో వచ్చిన చిక్కేమిటంటే, ప్రతి బండ దగ్గరా "బావా, ఒక్కసారిలా ఇవ్వు" అంటాడు. ఇస్తే తిరిగి రాదు. వాగు దాటేచోట ఫొటోకి నా కర్ర, వాడి ఠీవి. కోతిని అదిలించడానికి నా కర్ర. ఆ కోతి మాత్రం కర్ర లేనివాణ్ణి చూసుకుని నా సంచిలోని అరటిపళ్ళు పట్టుకుపోయింది. తడి తువ్వాలు ఆరేసుకోవడానికి నా కర్ర. "అదిగో అదే స్తంభం" అని చూపించడానికీ నా కర్రే. ఎక్కేటప్పుడు కర్ర లేకపోయినా ఫరవాలేదు, దిగేటప్పుడే మోకాళ్ళు దాన్ని పేరు పెట్టి పిలుస్తాయి. అప్పుడు కర్ర ఎక్కడుంది? బావమరిది చేతిలో. బావమరిది ఎక్కడున్నాడు? ఉగ్రస్తంభం మీద. కనక ఇకమీదట అడిగినవాళ్ళకి, మా కర్ర ఎక్కిందండీ, అద్దె నేనే కట్టాను అని చెబుదామనుకుంటున్నాను.

దానికీ జవాబుంటుంది: "ఎనభై ఏళ్ళ అవ్వలే ఎక్కేస్తున్నారు!" ఈ అవ్వ ప్రతి కొండ మీదా ఉంటుంది. చూశానని చెప్పినవాడు ఇంతవరకూ తగల్లేదు. చూసినవాణ్ణి ఎరుగుదుమన్నవాళ్ళు మాత్రం బోలెడు.

మా అక్కకి ఇంకా ఎనభై రాలేదు. డోలీలో వచ్చింది. ఎక్కిన దగ్గర్నుంచి మోసేవాళ్ళని బతిమాలుతూనే ఉంది. "నాయనా, ఆపండి, ఈ నాలుగు మెట్లూ నేను నడుస్తా." "దిగితే మాకే ఆలస్యం, కూర్చో అమ్మా" అన్నాడు ముందున్నతను. భుజం మీద తుండుగుడ్డ మడత పెట్టుకున్నాడు. దాన్ని సర్దుకున్నప్పుడు చూశాను, కింద చర్మం నల్లగా కాయ కాసిపోయి ఉంది. ఎవరి శక్తికి తగ్గ దారి వాళ్ళకుందని ఇందాక గొప్పగా రాశానే, అది అక్కకి, నాకు, బావమరిదికి. అతని శక్తి ఎంతని మాలో ఎవరమూ అడగలేదు. రేటు అడిగాం. అదీ కాస్త తగ్గించమని.

కిందికొచ్చాక అక్క పర్సు తీసి, అతని చేతిలో విడిగా ఏదో పెట్టి గుప్పిట మూసింది. ఎంతిచ్చావని అడిగాను.

"పొద్దున నువ్వు బేరమాడి తగ్గించావు కదా, దానికి ఇంకాస్త కలిపాను. ముందు ఆ కర్ర తిరిగిచ్చి రా, అద్దె పెరుగుతుంది."